డిప్పర్ మాట వినని లైట్లు

"హెడ్‌లైట్ వైరు కోసి అందులోనే కలిపేద్దాం అన్నా, రెండు నిమిషాల పని." లారీకి అదనంగా ఫోకస్ లైట్లు కొని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళినవాళ్ళు మొట్టమొదట వినే సలహా ఇదే. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని 16వ నంబరు జాతీయ రహదారి మీద ధాబాల పక్కనుండే చిన్న షాపుల దాకా ఇలాంటివి చాలా తిరుగుతుంటాయి. చెప్పేవాళ్ళకు దురుద్దేశం ఉండదు. లైటు వెలిగింది కాబట్టి పని బాగానే జరిగిందని వాళ్ళ నమ్మకం. నిజానికి ఈ పనిలో అన్నిటికంటే తేలికైంది లైటు వెలిగించడమే. అది ఎప్పుడు ఆరాలి, వేడి ఎక్కడ పుడుతుంది, వైరు ఒరిసిపోయి ఛాసిస్‌కు తగిలితే ఏమవుతుంది అని అడిగితే అప్పుడు తెలుస్తుంది ఏ సలహా ఎంతపాటిదో. డబ్బు పోయాక, బండి ఆగిపోయాక తెలుసుకోవడం కంటే ముందే తెలుసుకోవడం మంచిది కాబట్టి, ఎక్కువగా వినపడే తప్పుడు సలహాలు తీసుకుని ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చెయ్యాలో చెబుతాను.

ఆ కలిపేయడం సంగతి ముందు చూద్దాం. పెద్ద లారీల్లో కరెంటు 24 వోల్టులు. హాలోజన్ బల్బులున్న బండిలో హై బీమ్ వేస్తే రెండు హెడ్‌లైట్లూ 75 వాట్ల చొప్పున 150 వాట్లు లాగుతాయి, అంటే ఆరు ఆంపియర్ల పైచిలుకు. ఆ దారిలో ఉన్న ఫ్యూజు, వైరు, బల్బు హోల్డరు, చాలా బండ్లలో డిప్పర్ స్విచ్చి లోపలి కాంటాక్టులు కూడా ఆ లెక్క చూసుకుని పెట్టినవే. దానికి 70 వాట్ల ఫోకస్ లైట్లు రెండు తగిలిస్తే మొత్తం 290 వాట్లు, 12 ఆంపియర్లు. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి 12 వోల్టుల బండ్లలో ఇంకా కష్టం, ఎందుకంటే అవే వాట్లకు ఆంపియర్లు రెట్టింపు కావాలి. అక్కడ 55 వాట్ల లైట్లు రెండు పెట్టినా 9 ఆంపియర్లు అదనం. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. మొదటి రాత్రి ఏమీ కాదు, అదే మోసం. నెలల తరబడి కాంటాక్టు నల్లబడుతూ, హోల్డరు ప్లాస్టిక్కు మెత్తబడుతూ వస్తాయి. చివరికి ఒకనాడు శ్రీశైలం ఘాట్‌లో మలుపు తిరుగుతూ డిప్పర్ నొక్కితే హై బీమూ ఉండదు, లో బీమూ ఉండదు.

ఈలోపు ఫ్యూజు రెండుమూడుసార్లు పోయే ఉంటుంది. అప్పుడు రెండో సలహా సిద్ధంగా ఉంటుంది: "ఫ్యూజు ఊరికే పోతోంది, పెద్దది వేసెయ్." కొందరు రాగి తీగ పోగు చుట్టేస్తారు, కొందరు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెడతారు. ఫ్యూజు ఉన్నది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. 10 ఆంపియర్ల వైరుకు 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు పెడితే, షార్టయినప్పుడు ముందు కాలేది వైరు. అది డ్యాష్‌బోర్డు వెనక మిగతా వైర్లన్నిటితో కలిసి ఒకే కట్టలో ఉంటుంది. మంట అక్కడ మొదలైతే క్యాబిన్‌లో పడుకున్న క్లీనర్‌కు లేచి దూకే వ్యవధి కూడా చిక్కదు.

సరైన దారి రిలే. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. రిలే కింద 30, 85, 86, 87 అని అంకెలు చెక్కి ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు ఫ్యూజు గుండా 30కి రావాలి. 87 నుంచి ఫోకస్ లైట్లకు వెళ్ళాలి. 86కి హై బీమ్ వైరు నుంచి సన్నని వైరు, 85కి ఎర్త్. హై బీమ్ వేసినప్పుడు ఆ సన్నని వైరు రిలే లోపలి కాయిల్‌ను లేపుతుంది, కాయిల్ 30నీ 87నీ కలుపుతుంది. 24 వోల్టుల రిలే కాయిల్ తాగేది ఆంపియర్‌లో సుమారు పదో వంతు. డిప్పర్ స్విచ్చికి ఆ బరువు తెలియనే తెలియదు. లైట్లకు కావలసిన అసలు కరెంటు బ్యాటరీ నుంచి దాని దారిన అది వెళుతుంది.

"రిలే ఏదైనా ఒకటే" అన్నది కూడా నమ్మకండి. 12 వోల్టుల రిలే 24 వోల్టుల లారీకి పెడితే కాయిల్‌లో వేడి నాలుగింతలవుతుంది, కొన్నాళ్ళకు అది మాడి లైట్లు వెలగడం మానేస్తాయి. రిలే ఒంటి మీద రాసి ఉన్న వోల్టేజి చదవడానికి అరక్షణం పడుతుంది. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 అటూఇటూ మారకూడదు. మారిస్తే డయోడ్ నేరుగా షార్టవుతుంది.

ఇక అన్నిటిలోకీ ప్రమాదకరమైన సలహా, నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సలహా చెబుతాను. "హై బీమ్‌తో ముడి ఎందుకు, బ్యాటరీ నుంచి డైరెక్టుగా వేరే స్విచ్చి ఇస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకో." వినడానికి ఇది స్వేచ్ఛలా ఉంటుంది. ఫోకస్ లైట్లను హై బీమ్‌కు కట్టేది ఎందుకో తెలిస్తే ఆ మాట నోట రాదు. ఎదురుగా బండి వచ్చినప్పుడు డ్రైవరు వేలు అలవాటుగా వెళ్ళేది డిప్పర్ మీదికే. ఆ ఒక్క కదలికతో ముందున్న పెద్ద వెలుగంతా ఆరిపోవాలి. డ్యాష్‌బోర్డు మీద ఇంకో స్విచ్చి కోసం వెతుక్కోవలసి వస్తే ఏ డ్రైవరూ ప్రతిసారీ వెతకడు. రాత్రి రెండింటికి, నిద్ర ముంచుకొస్తున్న వేళ, అసలు వెతకడు. అలా హెడ్‌లైటు డిమ్ చేసి, మర్యాద పాటించాననుకుంటూ, ఫోకస్ లైట్లు నాలుగూ ఎదుటివాడి ముఖం మీద కొట్టుకుంటూ వెళ్ళే బండ్లు మన రోడ్ల మీద ఎన్నో కనిపిస్తాయి.

ఎదుటివాడి వైపు నుంచి లెక్క వేసి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. కళ్ళు చెదిరి రెండు సెకన్లు ఏమీ కనపడకపోతే అతను 44 మీటర్లు గుడ్డిగా వచ్చినట్టు. ఆ 44 మీటర్లలో లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కు ఉండవచ్చు, రోడ్డు అంచున నడిచిపోయే మనిషి ఉండవచ్చు, డివైడరు లేని రోడ్డయితే మీ బండే ఉండవచ్చు. మోటారు సైకిలు మీద వచ్చేవాడికైతే ముందు అద్దం కూడా ఉండదు. ప్రతి లారీ వెనకా రాత్రి డిప్పర్ వాడమని పెద్ద అక్షరాలతో రాసుకుంటాం. వెనక వచ్చేవాడిని అడిగేది మనం ముందు వచ్చేవాడికి ఇవ్వాలి కదా.

స్విచ్చి ఉండకూడదని అనను. ఉండాలి, కానీ దాని చోటు వేరు. హై బీమ్ వైరు నుంచి రిలే 86కి వచ్చే సన్నని వైరు మధ్యలో ఆ స్విచ్చి పెట్టించండి. అప్పుడు హై బీమ్ వేసి ఉండాలి, స్విచ్చీ వేసి ఉండాలి, రెండూ ఉంటేనే ఫోకస్ లైట్లు వెలుగుతాయి. ఊళ్ళో అక్కర్లేనప్పుడు స్విచ్చి ఆపుకోవచ్చు. డిప్పర్ నొక్కగానే మాత్రం స్విచ్చి ఎలా ఉన్నా అవి ఆరాల్సిందే. పార్కింగ్ లైటు వైరు నుంచి కాయిల్‌కు కరెంటిచ్చే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. అది ఇంకా ఘోరం, సాయంత్రం లైట్లు వేసింది మొదలు తెల్లారేదాకా అన్నీ వెలుగుతూనే ఉంటాయి.

చట్టం చెప్పేదీ ఇదే దారిలో ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ప్రకారం ముందుకు వెలిగే ఏ దీపమైనా ఎదుటి మనిషి కళ్ళు చెదరగొట్టనంతగా కిందికి వంగి ఉండాలి. లేదంటే డ్రైవరు దాన్ని కిందికి దించగలగాలి, లేదా ఒక్క మీటతో ఆర్పి అదే మీటతో వంగిన వెలుగు తెచ్చుకోగలగాలి. దీపానికి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉండే కళ్ళను కొలతగా తీసుకున్నారు. 111వ నియమం బండి ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు ఉండకూడదంటుంది, ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి ఉంటే తప్ప. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 నాటి చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. కాబట్టి "అందరూ పెడుతున్నారు, ఏం కాదు" అన్న మాట మీద ఆధారపడకుండా, ఏ రకం లైటు పెట్టదలచారో కొనకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. బండికి కంపెనీయే ఆమోదించిన లైట్లు దొరికితే వాటినే తీసుకోండి.

లారీల్లో ఎక్కువ నష్టం చేసే ఇంకో సలహా ఉంది. దాని దెబ్బ ఆలస్యంగా తగులుతుంది కాబట్టి ఎవరూ కారణం కనిపెట్టరు. "12 వోల్టుల లైట్లు చవగ్గా దొరుకుతాయి, రెండు బ్యాటరీల మధ్య నుంచి 12 తీసుకుందాం." లారీలో 24 వోల్టులు వచ్చేది రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలపడం వల్ల. మధ్య నుంచి వైరు లాగితే లైట్లకు కావలసింది ఒక్క బ్యాటరీ నుంచే పోతుంది, రెండోదానికి ఆ పని లేదు. ఆల్టర్నేటర్‌కు ఈ తేడా తెలియదు. అది రెంటినీ ఒకటిగా చూసి మొత్తం మీద 28 వోల్టులు దాటించి ఛార్జి చేస్తుంది. వాడుకున్న బ్యాటరీ 12.6 దగ్గర నీరసంగా ఉంటే మిగతా 15 పైచిలుకు వోల్టులూ రెండోదాని మీద పడతాయి. 14 దాటి కొంచెం ఉంటే చాలిన బ్యాటరీ అది. ఇక అది ఉడుకుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన వారానికే అడుగంటుతుంది, మండే గుణమున్న హైడ్రోజన్ వదులుతుంది, ప్లేట్లు పాడవుతాయి. ఇంకో పక్క మొదటిది ఎప్పటికీ నిండక సల్ఫేషన్ పట్టి చస్తుంది. ఒకటి ఎండిపోతూ, ఒకటి దిగిపోతూ ఉన్న జత మీ లారీలో కనిపిస్తే బ్యాటరీ అమ్మినవాడిని తిట్టకముందు మధ్య బోల్టు దగ్గర అదనపు వైరేమైనా ఉందేమో చూడండి. ఫోకస్ లైట్లే కాదు, పాటల డెక్కు, ఫ్యాను, మొబైల్ ఛార్జరు కూడా అక్కడ తగిలించే అలవాటు ఉంది.

బదులుగా 24 వోల్టుల లైట్లే కొనండి. ఎల్ఈడీ లైట్లలో 10 నుంచి 30 వోల్టుల దాకా ఏదైనా తీసుకునేవి దొరుకుతాయి, వాటి మీద ఆ సంగతి రాసి ఉంటుంది. 12 వోల్టుల వస్తువే వాడక తప్పకపోతే 24ను 12కు దించే కన్వర్టరు పెట్టించుకోవాలి. 12 వోల్టుల బల్బులు రెంటినీ సిరీస్‌లో వేసి సర్దుకోవచ్చన్న చిట్కా కూడా ఉంది. అందులో ఒకటి కాలితే రెండూ ఆరుతాయి, ఒకేసారి చీకటి.

వైరు గురించి "కరెంటు పారితే చాలదా" అంటారు. చాలదు. పికప్ బండిలో 55 వాట్ల లైట్లు రెంటికి ఆరు మీటర్ల పొడవున 1 చదరపు మిల్లీమీటరు వైరు లాగితే దారిలోనే ఒక వోల్టు పోతుంది. హాలోజన్ బల్బు వోల్టేజికి చాలా సున్నితం, ఆ ఒక్క వోల్టుతో వెలుతురులో సుమారు పావు వంతు మాయమవుతుంది. 2.5 వైరు వేస్తే ఆ నష్టం సగం కంటే తక్కువకు దిగుతుంది. ఖరీదైన లైట్లు కొని వైరు దగ్గర పొదుపు చేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. ఆ 2.5 వైరుకు పికప్‌లో 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు సరిపోతుంది, 24 వోల్టుల లారీలో 70 వాట్ల లైట్లు రెంటికి 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు చాలు. ఫ్యూజు డ్యాష్‌బోర్డు దగ్గర కనపడేలా పెడదామంటే ఒప్పుకోకండి. లారీ బ్యాటరీ పెట్టె ఛాసిస్ పక్కన ఉంటుంది, అక్కడి నుంచి ముందు బంపరు దాకా వైరు చాలా దూరం పాకాలి. ఫ్యూజు ఈ చివర ఉంటే ఆ దూరమంతా కాపలా లేని వైరే. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. వైరు ఇనుములో కన్నం దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్, మిగతా పొడవునా స్లీవు, డీజిలు పైపుకూ సైలెన్సరుకూ దూరంగా క్లిప్పులు. వైరు ఒలిచి మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మన వానలకు ఒక్క సీజను ఆగదు. లగ్గు గట్టిగా నొక్కించి, దాని మీద వేడికి ముడుచుకునే స్లీవు వేయించండి.

ఎర్త్ వైరును ఎక్కడ దొరికితే అక్కడ పెయింటు మీదే బిగించేస్తారు. పెయింటులో కరెంటు పారదు. బోల్టు కింద ఇనుము తెల్లగా కనపడేదాకా గీకి, లగ్గు బిగించి, పైన గ్రీజు రాయాలి. ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు వేరే బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది. ఇండికేటరు వేస్తే ఇంకేదో లైటు మినుకుమినుకుమనే బండ్ల జబ్బు చాలాసార్లు ఇదే.

"హై బీమ్ అంటే ఫలానా రంగు వైరు, కళ్ళు మూసుకుని పట్టుకో" అనే ధీమా పాత బండ్ల మీద పెరిగింది. రంగులు కంపెనీని బట్టి, మోడలును బట్టి మారతాయి. పైగా కొన్ని బండ్లలో హై బీమ్‌ను ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఆన్ ఆఫ్ చేస్తారు. అక్కడ పైన చెప్పినట్టు 85ను ఛాసిస్‌కు కలిపితే పని జరగదు. మల్టీమీటరుతో హెడ్‌లైటు సాకెట్ కొలిస్తే తేలిపోతుంది. ఒక పిన్నులో ఎప్పుడూ ప్లస్ ఉండి, హై బీమ్ వేసినప్పుడు ఇంకో పిన్ను ఎర్త్ అవుతుంటే, కాయిల్ ఒక కొసను ఆ ప్లస్‌కూ రెండో కొసను ఆ హై బీమ్ పిన్నుకూ కలపాలి. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లయితే ఇంకా జాగ్రత్త. వాటిలో చాలావాటి లైట్లను కంప్యూటరు నడుపుతుంది. అక్కడ వైరు ఒలిచి కలిపితే డ్యాష్‌బోర్డు మీద లోపం చూపించవచ్చు, కరెంటు తెగి తెగి వస్తూ రిలే గిలగిల కొట్టుకోవచ్చు. అదనపు లైట్లకు కంపెనీ వదిలిన పాయింటు ఉందేమో సర్వీసు సెంటరులో అడిగాకే చెయ్యి పెట్టించండి.

వాట్ల మోజు కూడా ఉంది. 55 తీసి 100 పెడితే రోడ్డు రెట్టింపు దూరం కనిపిస్తుందంటారు. వెలుగు దూరం వర్గం లెక్కన పలచబడుతుంది కాబట్టి రెట్టింపు దూరానికి నాలుగింతల వెలుగు కావాలి. 100 వాట్లు పెడితే పెరిగేది మహా అయితే మూడో వంతు, వేడి మాత్రం దాదాపు రెట్టింపు. దూరం చూపించేది మంచి రిఫ్లెక్టరు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు దూర్చినా ఇదే కథ, వెలుగు పుట్టే చోటు మారి కిరణాలు అన్ని వైపులా చెదురుతాయి, రోడ్డు మీద కంటే ఎదుటివాడి కళ్ళలో ఎక్కువ పడతాయి. క్యాబిన్ నెత్తిన ఎల్ఈడీ బారు పెట్టుకోమనేవాళ్ళూ ఉన్నారు. అంత ఎత్తు నుంచి వచ్చే వెలుగు వానలోనూ మంచులోనూ చినుకుల మీద పడి డ్రైవరు కళ్ళ ముందే తెరలా తెల్లగా నిలబడుతుంది.

మంచులో అన్నీ వెయ్యమనే సలహా కూడా అలాంటిదే. లంబసింగి, అరకు దారుల్లో శీతాకాలం తెల్లవారుజామున హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. అక్కడ ఫోకస్ లైట్ల పని లేదు. లో బీము, బంపరు కింద వెడల్పుగా వెలిగే ఫాగ్ లైట్లు, వాటికి తగిన వేగం చాలు.

దిశ సరిచేయడం చాలామంది ఖాళీ బండికి చేసి వదిలేస్తారు. లారీకి వెనక లోడు పడగానే ముందు భాగం కొంచెం లేస్తుంది, దాంతో వెలుగు కూడా లేచి చెట్ల కొమ్మలకు తగులుతుంది. లోడు వేశాక, చదునైన చోట, గోడకు ఎదురుగా ఆపి చూడండి. వెలుగు మధ్య భాగం లైటు ఎత్తు కంటే కొంచెం కిందే పడాలి. బండి ముందు పది పదిహేను మీటర్ల నేల మరీ తెల్లగా మెరిసేలా కూడా దించకండి, దగ్గరి వెలుగుకు కంటిపాప చిన్నదై దూరం ఇంకా చీకటిగా కనిపిస్తుంది.

పని అయిందని మేస్త్రీ చెప్పాక డబ్బులిచ్చేముందు క్లీనర్‌ను బండి ముందు, కొంచెం పక్కగా నిలబెట్టండి. లో బీములో ఉంచి డ్యాష్‌బోర్డు స్విచ్చి వెయ్యండి, ఫోకస్ లైట్లు వెలగకూడదు. హై బీమ్ వెయ్యండి, వెలగాలి. డిప్పర్ నొక్కండి, హై బీమ్‌తో పాటే ఆరాలి. ఒక్క లైటు మిగిలినా తాళం చెవి తీసి మేస్త్రీ చేతికే ఇవ్వండి. అన్నీ సరిగా ఉంటే ఇంజన్ నడుస్తుండగా అరగంట అలాగే వెలగనిచ్చి, రిలే, ఫ్యూజు హోల్డరు, ప్రతి అతుకూ వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే అక్కడ అతుకు వదులుగా ఉన్నట్టు. అదే రేటింగు ఫ్యూజులు రెండు, రిలే ఒకటి టూల్ బాక్సులో వేసుకోండి. మొదటి పెద్ద వాన తర్వాత ఎర్త్ బోల్టు మళ్ళీ ఒకసారి బిగించి చూడండి.